కూలి సోల

ఠప్. అదిగో, గొట్టంలోకి గుండు జారింది. ఒకటి, రెండు, మూడు. గాలిలో ఉన్నంతసేపు ఏ గుండూ ఎవరినీ ఏమీ చేయదు, ఇరవై రెండు దాకా నిమ్మళంగా ఊపిరి తీసుకోండి అని ఈ పాతరలోకి దిగినప్పటి నుంచి చెబుతూనే ఉన్నాను, వింటే గదా. ఏడు, ఎనిమిది. తమ్ముడి భార్య బిక్షమ్మ నాకు వీపు చేసి, ముఖం మట్టిగోడకు ఆనించుకుని కూర్చుంది. బావ ఎదుట కూర్చోకూడదట, నెత్తిమీద బాంబులు పడుతున్నా మర్యాద మర్యాదే. మా అమ్మ జానమ్మకు చెవులు పోయి పదేళ్ళయింది. అరచేయి నేలకు ఆనించి కూర్చుంది, నేల అదిరితేనే ఆమెకు లడాయి. పద్నాలుగు, పదిహేను. పొద్దు బారెడెక్కింది, పైన పాతర మూతిలోంచి పళ్ళెమంత ఆకాశం కనబడుతోంది. యూనియన్ మిలటరీ నిన్న హాలియా బాట పట్టి వచ్చింది. మా ఊరి దొర కోట, గడిలో దూరిన రజాకార్లను చేతులెత్తి బయటికి రమ్మంటే రాలేదు, అందుకని గుట్ట వెనక మోర్టార్లు దించారు. గుట్టకూ గడికీ నడుమ ఉన్నది ఈ జొన్నచేను, జొన్నచేను గట్టున ఈ పాతర, పాతరలో మేం ముగ్గురం. ఇరవై ఒకటి, ఇరవై రెండు. ధన్. గోడ నుంచి మట్టి రాలింది.

"పడ్డదా?" అంది అమ్మ.

పడ్డదని తల ఊపాను. ప్రతిసారీ అడుగుతుంది, ప్రతిసారీ ఊపుతాను.

కిష్టయ్య పటేలు జొన్నల పాతర ఇది. ఆయన పెళ్ళాం పిల్లలను బండెక్కించుకుని నాలుగు రోజుల కిందటే కృష్ణ అవతలికి పోయాడు, లేకుంటే మా వాడవాళ్ళను ఈ గట్టు మీద కూడా కూర్చోనిచ్చేవాడు కాదు. భాద్రపదం కనుక అడుగున గింజ లేదు, పోయినేటి జొన్నల ముక్క వాసన మాత్రం మిగిలింది. పొద్దున మూతబండ జరిపి ముందు తాడుకు దీపం కట్టి దించాను. పాతరలో చెడ్డగాలి ఉంటే దీపం ఆరుతుంది, దిగిన మనిషీ అంతే. దీపం ఆరలేదు. అమ్మను దించాను. తరువాత బిక్షమ్మ, కొంగులో జొన్నపేలాలు మూటగట్టుకుని, నేను చేయి అందిస్తే పట్టుకోకుండా తాడు పట్టుకుని తానే దిగింది. ఈమె ఎప్పుడూ ఇంతే, ఒకరి సాయం అక్కరలేదు. ఆ నాడు గడిలోంచి కూడా ఒక్కతే, కొంగులో పెట్టుకుని... వద్దు. ఆ సంగతి వద్దు. ఠప్. ఒకటి, రెండు.

గొట్టం సప్పుడు వింటే చాలు, నాకు గుట్ట వెనక మనుషులు కనబడతారు. ఒకడు గురి చూస్తాడు, ఒకడు గుండ్లు అందిస్తాడు, నడిమివాడు గుండును రెండు చేతులా గొట్టం మూతి దగ్గర పట్టుకుని, హుకుం రాగానే విడిచి తల పక్కకు వంచుతాడు. బర్మాలో రెండున్నరేళ్ళు ఆ నడిమివాణ్ణి నేనే. గొట్టం ఒకడి భుజాన, దాని కాళ్ళు ఒకడి భుజాన, అడుగున పరిచే ఇనుప పళ్ళెం ఒకడి వీపున, కంచరగాడిద దొరికిన నాడు మాకు పండుగ. మా హవల్దారు మలబారు ముసలాయన. అంతకు ముందటి లడాయిలో ఫ్రాన్సు దాకా పోయి వచ్చినవాడు, కందకాల్లో తెల్లవాళ్ళు తొలిసారి ఇట్లా గొట్టంలోకి గుండు జారవిడవడం కళ్ళారా చూశానని, అటు జర్మన్లకూ ఇట్లాంటివే ఉండేవని చెప్పేవాడు. గుంతలో ఉన్నవాణ్ణి తుపాకి ఏం చేయలేదురా జానయ్యా, నెత్తిమీద పడేదే వాణ్ణి చంపుతుంది, కాలినడకన పోయేవాడికి ఏ దేశంలోనైనా ఇదే ఫిరంగి అనేవాడు. జపాను వాళ్ళది ఇంకా చిన్నది, మూరన్నర ఉంటుంది, అడుగు వంకర తిరిగి ఉంటుంది. ఆ వంకర చూసి, తొడమీద పెట్టి కొట్టాలి కాబోలనుకుని మావాడొకడు కొట్టాడు. తొడ ఎముక పుటుక్కుమంది. దాన్ని నేలకు ఆనించి కొట్టాలట. మరునాడు హవల్దారు మమ్మల్నందరినీ వరుసలో నిలబెట్టి తిట్టాడు, పరాయివాడి సామాను చేతికి దొరికితే ముందు తిప్పి చూడండిరా, దాని అడుగు చూడండిరా అని. విన్నాను గదా నేను. బాగా విన్నాను. ఇరవై రెండు. ధన్.

"పడ్డదా?"

పడ్డదమ్మా పడ్డది. కాని ఇది దగ్గర పడ్డది. లెక్క అదే, ఇరవై రెండే, సప్పుడు మాత్రం దగ్గర. నాకు అర్థమైంది, అర్థం కాకపోతే బాగుండేది. వానకు నానిన నల్లరేగడి మీద ఇనుప పళ్ళెం పరిచారు వాళ్ళు. గుండు గుండుకూ పళ్ళెం దిగబడుతుంది, పళ్ళెం దిగబడితే గొట్టం నిలువుగా లేస్తుంది, గొట్టం నిలువైతే గుండు పైకి ఎక్కువ పోయి ముందుకు తక్కువ పోతుంది. ఓరి మీ అక్కర పాడుగాను, కింద నాలుగు రాళ్ళు పరుచుకోండిరా, మీ గురి చూసేవాడికి కళ్ళు లేవా! ఇక్కడి నుంచి అరిస్తే వాళ్ళకు వినబడుతుందా? బయటికి పోయి చేతులూపితే రజాకారనుకుని కాల్చేస్తారు. ఇంకో నాలుగు గుండ్లు ఇట్లాగే పొట్టిగా పడితే అయిదోది ఈ పళ్ళెమంత ఆకాశంలోంచి లోపలికి వస్తుంది. చెప్పలేదు ఆడవాళ్ళకు. చెప్పకుండా దాచడం నాకు అలవాటైన పనే.

"బావా," అంది బిక్షమ్మ, గోడవైపే చూస్తూ. "నీ లెక్క జర ఆపి ఒక్క ముచ్చట చెప్తవా?"

"అడుగు బిక్షమ్మా."

"గా రోజు ఆయనకు ఇనవడ్డదా? నెత్తిమీదికి వస్తాందని ఎరుకైందా?"

అయిదు నెలలుగా ఈ ప్రశ్న ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాను, పొయ్యి దగ్గర అడుగుతుందేమో, కలుపు దగ్గర అడుగుతుందేమో అని, ఆమె ఉన్న చోట నిలబడకుండా తప్పించుకు తిరిగాను. ఇక్కడ తప్పించుకుని ఎక్కడికి పోను, నాలుగు మూరల గుంతలో.

"లడాయి సల్లవడంగనే నేను పానగల్లు వోత, మా అమ్మగారింటికి. మళ్ల రాను. అందుకే అడుగుతున్న," అంది.

ఠప్. ఒకటి, రెండు. గుండు గాలిలో ఉంది, అది దిగేదాకా జవాబు చెప్పనక్కరలేదు అనుకున్నాను, పిరికివాడిని. లింగస్వామి, నా తమ్ముడు. నేను సికింద్రాబాద్ లష్కర్‌లో భర్తీ అయి పోయినప్పుడు వాడికి మీసం రాలేదు, తిరిగొచ్చేసరికి పెళ్ళయింది, దొరలకు ఎదురు తిరిగిన సంఘంలో చేరాడు, గుతుప కర్ర పట్టుకుని తిరుగుతున్నాడు. వచ్చిన మొదటి రోజే నా పక్కన కూర్చుని, "అన్నా, జపానోన్నే కొట్టొచ్చినవట, గీ గడిగోడను కొట్టలేవా?" అన్నాడు నవ్వుతూ. వాడికి నవ్వు ఎక్కువ. దొర పట్నం పారిపోయాడు, రజాకార్లు గడిలో దిగారు, పగలంతా చుట్టుపక్కల ఊళ్ళ మీద పడి గడ్డివాములు తగలబెట్టి, పొద్దుగూకే వేళకు గోడ వెనకకు చేరేవాళ్ళు. ఆ గోడ పగలాలి. కమ్మరి మారయ్య పాడుబడ్డ నూనెమిల్లు ఇంజను పొగగొట్టం తెచ్చాడు. బండిచక్రానికి పట్టా ఎట్లా ఎక్కిస్తాడో అట్లాగే ఇనుప పట్టాలు ఎర్రగా కాల్చి, గొట్టానికి వరుసగా తొడిగి, నీళ్ళు చల్లి బిగించాడు. "ఇగ నీ బర్మా గొట్టం దీని ముందల దిగదుడుపే," అన్నాడు. సురేకారం, గంధకం, జిల్లేడు బొగ్గు నూరి మందు చేశాము. ఇనుపరేకు చుట్టి గుండ్లు చేశాము, వత్తి పెట్టాము. వాగులో ఇసుక మీద పెట్టి కొట్టి చూశాము. మారయ్య ఇంట్లో గింజలు కొలిచే సోలతో, అంచుకు సమంగా తలకొట్టి, సోలెడు మందు పోస్తే రెండువందల అడుగులు పోయి పడింది గుండు. మూడుసార్లు కొట్టాము, మూడుసార్లూ అంతే. లింగస్వామి ఎగిరి గంతేశాడు, వాగు ఇసుకలో పిల్లిమొగ్గ వేశాడు. ధన్.

"పడ్డదా?" అంది అమ్మ. ఈసారి తల ఊపడం మరిచిపోయాను. మూతి నుంచి పెళ్ళలు రాలి నా ఒడిలో పడ్డాయి. బిక్షమ్మే అమ్మ భుజం తట్టి చెప్పింది.

సోల. అందరి నోటా సోలే, చిన్నప్పటి నుంచీ సోలే. ఇంకో రెండు రోజులకు దాడి అనగా రజాకార్లు మారయ్య కొలిమి తగలబెట్టారు. గొట్టం వాగులో దాచి ఉంది కనుక దక్కింది, మారయ్యా దక్కాడు, ఇల్లు బుగ్గయింది, సోల కరిగి ముద్దయింది. వేరే సోల కావాలి. బిక్షమ్మ గడిలో వెట్టికి వడ్లు దంచేది, అక్కడి ముచ్చట్లన్నీ సంఘానికి మోసుకొచ్చేదీ ఆమే. తమ్ముడు ఆమెను అడిగాడు, ఆమె మరునాడే ఇత్తడి సోల కొంగులో పెట్టుకుని తెచ్చి నా ముందు పెట్టింది. మెరుస్తున్న సోల. తీసుకున్నాను. గడిలో సోలలు రెండు ఉంటాయి. పంట లోపలికి కొలిచేది ఒకటి, అది కొట్టులో తాళం కింద ఉంటుంది. కూలి గింజలు బయటికి కొలిచేది ఇంకొకటి, వాకిట్లో ఉంటుంది. చూడటానికి రెండూ ఒక్కటే, కూలి సోల అడుగున మాత్రం రెండు వేళ్ళ మందం లక్క పోసి ఉంటుంది. ఈ సంగతి ఊళ్ళో తెలియనిదెవరికి? నాయిన తెచ్చిన కూలి జొన్నలను అమ్మ ఇంట్లో మళ్ళీ కొలిచి, దొర నోట్లో మన్ను పడ అని తిట్టడం వినుకుంటూ పెరిగినవాణ్ణి, నాకు తెలియదా! తెలుసు. పటాలం నా తలలోంచి ఆ తెలివిని తీసేసింది. అక్కడ మందు సంచుల్లో కుట్టి వస్తుంది, ఏ సంచి చూసినా ఒకటే తూకం, మా దళం కొట్టినా ఇంకో దళం కొట్టినా అదే దూరం. కొలత అంటే కొలతే అని ఆరేళ్ళు నమ్మి, నమ్మి, ఊరికి తిరిగొచ్చి కూడా అట్లాగే నమ్మాను. అడుగు చూడండిరా అన్నాడు హవల్దారు. చూడలేదు.

చైత్రమాసం, కోడి కూసిన వేళ, గోడకు సరిగ్గా రెండువందల అడుగుల దూరాన గొట్టం పెట్టాము. గోడ పగలగానే ఉరకాలని లింగస్వామి గడ్డపార పట్టుకుని ముందుకు పాకిపోయి పెంటకుప్ప వెనక పడుకున్నాడు, గోడకు యాభై అడుగుల ఇవతల. నేను సోల నిండా మందు పోసి తలకొట్టాను, గొట్టంలో వేశాను, గుండు దింపాను, మారయ్య నిప్పు అంటించాడు. ఎంత బాగా లేచిందో. ఒకటి, రెండు, మూడు అని నేను పైకే లెక్కపెట్టాను, సంబరంతో...

"బావా," అంది బిక్షమ్మ. "ఇనవడ్డదా లేదా?"

ఠప్. ఇది నాలుగోదో అయిదోదో నాకు తెలియదు, లెక్క తప్పింది. ఇది మా మీద పడితే ఈమె రజాకార్ల గుండుకు మొగుడు పోయిందనుకుంటూనే పోతుంది, పడకపోతే పానగల్ పోతుంది, అక్కడా అదే అనుకుంటుంది. సంఘంలో అందరూ అట్లాగే అనుకున్నారు, గోడమీంచి రజాకారు విసిరిన బాంబని, తమ్ముడి పేరు మీద జెండా పాతారు, నేను ఆ జెండా కింద నిలబడి నమస్కారం కూడా పెట్టాను, సిగ్గులేనివాడిని.

"బిక్షమ్మా, లింగన్ని రజాకార్లు కొట్టలే," అన్నాను. "గా గుండు నాది. నా చేతులకెంచే జారింది. మందు తక్కువ పోసిన. కొలత తప్పిన. తప్పంత నాదే."

ధన్. చేనులోనే పడింది. జొన్నకర్రలు విరిగిన సప్పుడు, ఆకు ముక్కలు పాతర మూతిలోంచి మెల్లగా దిగి అమ్మ తలమీద వాలాయి. అమ్మ వాటిని దులుపుకుని, "పడ్డదా?" అంది.

బిక్షమ్మ ఇటు తిరిగింది. పటాలం నుంచి వచ్చిన ఈ రెండేళ్ళలో ఆమె ముఖం ఎదురుగా చూడటం అదే మొదలు. ఏడవడం లేదు.

"గంతేనా?" అంది. "సోల ముచ్చట చెప్పవా?"

"ఏ సోల?"

"నీకు అబద్ధమాడ రాదు బావా, ఎందుకు కష్టపడ్తవు? గడిల సోల కోసం దేవులాడుతుండ్రు, ఇయ్యమని అడిగితే వాగుల కొట్టుకపోయిందన్నవు. చైత్రమాసంల వాగు పారుతదా? ఇసుకల గవ్వ గూడ కొట్టుకపోదు. గా మాట అన్ననాడే నాకు ఎరుకైంది." కొంగుముడి మీద ఆమె వేళ్ళు కదులుతూనే ఉన్నాయి. "కొట్టుకు తాళం ఉండె. వాకిట్లున్నదే తెచ్చిన. లక్క సంగతి నాకు ఎరుకే, రోజూ దాంట్ల కూలి పట్టినదాన్నే గద. మందు పోసెటందుకు ఏ సోలైతేందిలే అనుకున్న. నువ్వు అడగలే, నేను చెప్పలే."

"నాకు గూడ ఎరుకుండె బిక్షమ్మా. మర్చిపోయిన."

"అయిదు నెల్ల సంది నువ్వే చెప్తవని చూసిన. నా పేరు వెట్టి తిడ్తవని చూసిన. తిట్టినా పాయె గని, గిట్ల పక్కకువోయి తిరిగితివి. నేను తెచ్చిన సోల అని అనకుంట మొత్తం నువ్వే నెత్తినేసుకోని, ఏం మనిషివి బావా."

ఆ సోల ఎక్కడుందో నాకే తెలుసు, వాగు ఒడ్డున తంగేడు పొద కింద, మోచేయి లోతున. లోపల నేను వేలు పెట్టి చూసింది అంతా అయిపోయిన తరువాత, లింగణ్ణి భుజాన వేసుకుని వాగు దాకా తెచ్చి పడుకోబెట్టిన తరువాత. వేలు లక్కకు తగిలింది. సగం వేలు కూడా మునగలేదు.

"ఇనవడ్డదా?" అంది మళ్ళీ.

"ఇనవడ్డది," అన్నాను. "నాటుగుండు గద, వత్తి బుసబుస అనుకుంట మండుతది. తల ఎత్తి చూసిండు. గోడమీద వడ్తదని చూసిండు. నవ్వుకుంటనే చూసిండు బిక్షమ్మా, నేను అయిదు అనేదాంక నవ్వుకుంటనే ఉన్నడు."

అప్పుడు ఏడ్చింది. నోరు కొంగుతో మూసుకుని, భుజాలు అదురుతుంటే, సప్పుడు లేకుండా. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి, నాకు సప్పుడు కూడా ఆగలేదు. అమ్మ మమ్మల్నిద్దరినీ చూసి ఆ మూల నుంచి జరిగి వచ్చి, భయపడ్డామనుకుంది పాపం, రెండు చేతులూ మా ఇద్దరి తలల మీద పెట్టి, "ఫికర్ జేయకుర్రి, దేవుడున్నడు," అంది. ఆ చేతి కింద తల ఎత్తలేకపోయాను.

బయట సప్పుడు లేదు. ఎంతసేపు లేదో. రాళ్ళు పరుస్తున్నారు, పళ్ళెం ఎత్తి మళ్ళీ కుదురు చేస్తున్నారు, ఆ మాత్రం తెలివి వచ్చింది వాళ్ళకు. ఆ నాడు నాకు రెండో గుండు లేదు. ఒక్కటి కొట్టాను, పొట్టిగా పడింది, అంతే.

ఠప్. నేను లెక్క మొదలుపెట్టలేదు.

"ఒకటి," అంది బిక్షమ్మ. "రెండు, మూడు." ముక్కు తుడుచుకుంటూ లెక్కపెట్టింది, నేను ఎంత నిదానంగా అంటానో అంతే నిదానంగా. ఇరవై రెండు దాటింది. ఇరవై మూడు. దూరాన, చాలా దూరాన ధన్ మంది. దాని వెంబడే ఇంకో సప్పుడు, రాయి మీద రాయి దొర్లుతూ ఎంతకూ ఆగని సప్పుడు, దాని మీద గుట్ట వైపు నుంచి మనుషుల కేకలు.

అమ్మ అరచేయి నేలకు ఆనించి పెట్టింది. ఈ అదురు వేరుగా తెలిసింది ఆమెకు. "పడ్డదా?" అంది.

బిక్షమ్మ అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, "పడ్డదత్తా! గడిగోడ వడ్డది!" అని అరిచింది.

అమ్మ ముఖం వెలిగిపోయింది. "మా లింగడుంటే ఎగిరి దుంకుతుండె గదనే," అంది.

బిక్షమ్మ కొంగు ముడి విప్పింది. పొద్దున్నుంచి ఎవరమూ ఏమీ తినలేదు. అమ్మకు దోసిట్లో పేలాలు పోసింది. తరువాత నావైపు వంగి నా చేయి లాగి, అందులో పోసి, ఆ మసక వెలుతురులో అరచేతి మధ్య దాకా వేళ్ళు పెట్టి తడిమి చూసింది. నిండలేదు. ఇంకో పిడికెడు పోసింది.